ప్రీమెడ్ మొదటి సెమిస్టర్‌కు 14 క్రెడిట్లు తక్కువ కావు

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. మా అమ్మాయి ఈ సెప్టెంబరులో స్టేట్ యూనివర్సిటీలో ప్రీమెడ్‌గా, అంటే మెడికల్ స్కూల్‌కు సిద్ధమయ్యే డిగ్రీ విద్యార్థినిగా, చేరుతోంది. హైస్కూల్లో రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (కాలేజీ స్థాయి) కెమిస్ట్రీ, బయాలజీ పరీక్షలు రెండింటిలోనూ గరిష్ఠ స్కోరు 5 వచ్చింది కాబట్టి, నేరుగా ఆర్గానిక్ కెమిస్ట్రీతో మొదలుపెట్టి, సెమిస్టర్‌కు 19 క్రెడిట్ల చొప్పున మూడేళ్ళలో డిగ్రీ ముగించేలా ప్రణాళిక వేశాను. రిజిస్ట్రేషన్ పాస్‌వర్డు కూడా నా దగ్గరే ఉంది. తను 14 చాలంటోంది. ఏది మేలు?

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే మేలు. మీరు అడిగింది 14కూ 19కీ పోలిక గాని, అసలు బెంగ మాత్రం తెలిసినవారి పిల్లలకంటే మన పిల్ల ఎక్కడ వెనకబడిపోతుందోనన్నది. ఏటా వేసవిలో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులలో చాలామందిది ఇదే బెంగ.

మూడేళ్ళ డిగ్రీ మన కుటుంబాలలో ఇప్పుడు గొప్పగా చెప్పుకునే విషయమైంది గాని, డాక్టరు కావాలనుకునేవారికి అది మేలు చేస్తుందని నాకు నమ్మకం లేదు. మెడికల్ స్కూల్లో చేరడానికి సుమారు ఏడాది ముందే, అంటే అంతకు ముందటి వేసవి మొదట్లోనే, దరఖాస్తు పంపాలి కాబట్టి, మూడేళ్ళలో ముగించి వెంటనే చేరాలనుకునే విద్యార్థి రెండో ఏడాది చివరనే, కేవలం నాలుగు సెమిస్టర్ల గ్రేడ్లతో పోటీకి దిగవలసివస్తుంది. ఆ లోపే బయోకెమిస్ట్రీ పూర్తిచేసి, మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాసి, ఆసుపత్రిలో వలంటీరుగా పనిచేసి, సిఫారసు లేఖ రాసేంతగా ప్రొఫెసర్లకు తెలిసి ఉండాలి. ఇంత హడావిడి ఎవరి కోసం? నిజానికి ఈ రోజుల్లో మెడికల్ స్కూళ్ళలో చేరుతున్నవారిలో ఎక్కువమంది డిగ్రీ తరువాత కనీసం ఒక ఏడాది ఆగి చేరుతున్నవారే. పైగా, హైస్కూలు పరీక్షలతో వచ్చిన క్రెడిట్లను కొన్ని మెడికల్ స్కూళ్ళు అంగీకరించవు. మరికొన్ని వాటికి బదులు అదే శాస్త్రంలో పైస్థాయి కోర్సు చదవమంటాయి.

తొలి సెమిస్టర్‌కు నేను సూచించే పట్టిక ఇది: ల్యాబ్‌తో కలిపి జనరల్ కెమిస్ట్రీ 4, అలాగే బయాలజీ 4, ఇంగ్లీషు రైటింగ్ 3, సైకాలజీ 3: మొత్తం 14. కాగితం మీద ఒక్క క్రెడిట్‌గా కనిపించే ల్యాబ్, వారానికి మూడు గంటలు నిలబెట్టి, ఆపైన రాత్రి కూర్చోబెట్టి రిపోర్టు కూడా రాయిస్తుందన్న సంగతి 19 క్రెడిట్ల పట్టికలో కనిపించదు. డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లకు సెమిస్టర్‌కు సగటున 15 రావాలి కదా అంటారేమో. ఆ ఒక్క క్రెడిట్ లోటును తరువాతి సెమిస్టర్లలో ఒకదానిలో 16 తీసుకుని భర్తీ చేసుకోవచ్చు.

ఒకవేళ కెమిస్ట్రీలో సి గ్రేడు వచ్చి, మిగిలినవన్నీ ఎ గ్రేడులైతే ఆ సెమిస్టర్ జీపీఏ (ఎకు 4, సికి 2 పాయింట్ల లెక్కన గ్రేడ్ల సగటు) 3.43 అవుతుంది. తరువాతి ఐదు సెమిస్టర్లు 15 క్రెడిట్ల చొప్పున అన్నీ ఎ గ్రేడులతో చదివితే మొత్తం జీపీఏ 3.91కి చేరుతుంది. కనుక ఒక్క సి గ్రేడుతో దారి మూసుకుపోదు. అయితే సైన్సు, గణితం గ్రేడ్లను దరఖాస్తులో విడిగా కూడా లెక్కిస్తారు. కోర్సు మళ్ళీ చదివినా పాత గ్రేడు చెరిగిపోదు. అందుకే తొలి సెమిస్టర్‌లోనే ఒకేసారి మూడు సైన్సు కోర్సులు వద్దంటున్నాను.

ఇక కటువుగా అనిపించినా ఒక మాట. కోర్సుల పట్టిక మీరు నింపడం, రిజిస్ట్రేషన్ పాస్‌వర్డు మీ దగ్గర ఉంచుకోవడం తప్పు. తన శక్తి ఎంతో తెలుసుకుని 14 అని చెప్పగలిగిన పిల్లను చూసి మీరు ధైర్యపడాలి. మొదటి మిడ్‌టర్మ్ ఫలితాలు వచ్చాక, వసంత సెమిస్టర్‌లో 16కు పెంచాలా వద్దా అన్నది తను అడ్వైజర్‌తో మాట్లాడి తేల్చుకుంటుంది. ఆ సమావేశానికి మీరు వెళ్ళనక్కరలేదు.