పీహెచ్‌డీ అయ్యాక మళ్లీ ప్రయోగశాలకేనా?

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో నాడీశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఇప్పుడు 30 ఏళ్లు. సినాప్స్‌ల మీద పరిశోధన చేసే ఒక అమెరికా విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి పోస్ట్‌డాక్‌గా రమ్మని పిలుపు వచ్చింది. ఏడాది కాంట్రాక్టు, తరువాత ఏటా పొడిగిస్తారట. ఇది ఉద్యోగమా, ఇంకా చదువేనా? దీనికన్నా హైదరాబాద్‌లో మందుల కంపెనీలో చేరడం మేలు కాదా? పెళ్లి సంబంధాలు చూస్తున్న సమయంలో పంపడం సబబేనా? - ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: అయ్యా, బంధువులు “అమ్మాయి ఏం చేస్తోంది?” అని అడిగినప్పుడు ఏం చెప్పాలో తోచని ఇబ్బంది మీ ఉత్తరంలో కనిపిస్తోంది. పేరున్న సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన వకీలును తలచుకోండి. అతనికి పట్టా ఎప్పుడో వచ్చింది, పని చేస్తాడు, డబ్బు తీసుకుంటాడు, కానీ కేసులు సీనియర్‌వి. తన పేరు మీద కేసులు వచ్చేదాకా అక్కడ పని నేర్చుకుంటాడు. పోస్ట్‌డాక్ కూడా అటువంటిదే. జీతం వస్తుంది, కొత్త డిగ్రీ రాదు, ఏదో ఒకనాడు తప్పనిసరిగా ముగుస్తుంది. కనుక మీరు అడగవలసిన అసలు ప్రశ్న, ఆ ప్రయోగశాల వదిలి వచ్చేనాటికి మీ అమ్మాయి చేతిలో తనదంటూ ఏ కేసు ఉంటుందన్నదే.

ముందుగా ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు ఇది ఊహకు అందదు. సినాప్స్ అంటే రెండు నాడీకణాలు సందేశం మార్చుకునే చోటు. చాలా సినాప్స్‌లలో ఆ రెండు కణాలూ ఒకదానినొకటి తాకవు. నడుమ సుమారు 20 నానోమీటర్ల ఎడం ఉంటుంది. ఒక కణం కొసన చిన్న తిత్తులలో నిలవ ఉన్న రసాయనం ఆ ఎడంలోకి విడుదలై అవతలి కణాన్ని చేరుతుంది. నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం మొదలుకొని మూర్ఛ, ఆటిజం దాకా ఎన్నో విషయాల వేర్లను శాస్త్రజ్ఞులు వెతుకుతున్నది ఇక్కడే. ఆ సందేశాల వల్ల కణంలో పారే సన్నని కరెంటును కొలిచే ప్యాచ్ క్లాంప్ అనే పద్ధతి చేతి నేర్పుతో కూడిన విద్య. చిట్టెలుక మెదడును 300 మైక్రోమీటర్ల మందాన ముక్కలుగా కోసి, ఆక్సిజన్ బుడగలు ఆడుతున్న లవణ ద్రావణంలో ఉంచుతారు. ఆ ముక్కలు కొన్ని గంటలే పనికివస్తాయి. ఆలోపు మైక్రోస్కోప్ కింద ఒక కణాన్ని ఎంచుకొని, కొన ఒకటి రెండు మైక్రోమీటర్లు మాత్రమే ఉండే గాజు గొట్టాన్ని దాని పొరకు ఆనించి, దానికి తగిలించిన ప్లాస్టిక్ ట్యూబును నోట పెట్టుకొని సుతారంగా పీల్చాలి. పొర గాజుకు గట్టిగా అతుక్కుంటే విద్యుత్ నిరోధం గిగాఓమ్ (వంద కోట్ల ఓమ్‌లు) దాటుతుంది. దాన్నే వాళ్లు ‘సీల్’ అంటారు. సీల్ నిలవకపోతే ఆ గొట్టాన్ని పారేసి మరొకటి తీసుకోవాలి. నిలిస్తే పికోఆంపియర్లలో (ఆంపియర్‌లో లక్ష కోట్లవ వంతుల్లో) ఉండే కరెంటు తెరమీద గీతగా కనిపిస్తుంది. ఒక్క సీల్ కూడా నిలవని రోజులు ఉంటాయి, అలాంటి రోజులు వరసగా వారం పాటు వచ్చినా ఆశ్చర్యం లేదు. సాయంత్రం ఫోన్‌లో అమ్మాయి గొంతు నీరసంగా ఉంటే వెంటనే “వచ్చెయ్యి తల్లీ” అనకండి. జర్మనీలోని గోటింగెన్‌లో ఈ పద్ధతిని రూపొందించిన ఎర్విన్ నెహర్, బెర్ట్ సక్మన్‌లకు 1991లో నోబెల్ బహుమతి వచ్చిందంటే, ఇది ఎంత విలువైన నైపుణ్యమో గ్రహించవచ్చు.

ఇక ‘తనదంటూ ఒక కేసు’ అన్నమాట. థామస్ సుడోఫ్ జర్మనీలో వైద్యం చదివి, 1983లో అమెరికాలోని డాలస్‌కు పోస్ట్‌డాక్‌గా వెళ్లారు. ఆయన చేరిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల ప్రయోగశాల పని చేసింది కొలెస్ట్రాల్ మీద. ఆ ఇద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది. అంతటి గురువుల నీడలోనే కొలెస్ట్రాల్ పనిని కొనసాగించి ఉంటే ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ 1986లో అదే విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల మొదలుపెట్టినప్పుడు, సినాప్స్‌లో రసాయనపు తిత్తులు సరిగ్గా ఆ క్షణానికే ఎలా విచ్చుకుంటాయన్న ప్రశ్నను ఎంచుకున్నారు. 2013లో ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది ఆ ప్రశ్నే. అందరూ సుడోఫ్‌లు కారు, కావలసిన అవసరమూ లేదు. అయితే గురువు దగ్గర పనితీరు నేర్చుకొని, ప్రశ్నను మాత్రం తానే వెతుక్కోవడమనే వరస అందరికీ వర్తిస్తుంది.

అందుకే ఒప్పుకునే ముందు మీ అమ్మాయి ఆ ప్రొఫెసర్‌ను సూటిగా అడగాలి: “నేను వెళ్లేటప్పుడు ఈ ప్రాజెక్టులో ఏ భాగం నాతో తీసుకువెళ్లవచ్చు?” మంచి ప్రొఫెసర్ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. జవాబు దాటవేస్తే అదే జవాబు అనుకోండి. దానికి తోడు, అంతకు ముందు అక్కడ పనిచేసి వెళ్లిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, వాళ్లు ఎన్నేళ్లు ఉన్నారు, తమ పేరు మొదట ఉన్న పరిశోధన పత్రం ఎప్పుడు వచ్చింది, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని కనుక్కోవాలి. విశ్వవిద్యాలయం ర్యాంకు కన్నా నేను ఈ సంభాషణలకే ఎక్కువ విలువ ఇస్తాను.

డబ్బు విషయానికి వస్తే, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ తన ఫెలోషిప్‌లలో మొదటి ఏడాది పోస్ట్‌డాక్‌కు 2025 ఆర్థిక సంవత్సరానికి నిర్ణయించిన మొత్తం 62,232 డాలర్లు. చాలా విశ్వవిద్యాలయాలు దీన్నే కొలబద్దగా పెట్టుకుంటాయి. రూపాయల్లోకి మార్చి మురిసిపోకండి. బోస్టన్ వంటి ఊళ్లలో ఇంటి అద్దెకే అందులో పెద్ద వాటా పోతుంది. మన దేశంలోనే రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే, 2023లో సవరించిన లెక్క ప్రకారం మొదటి మెట్టులో నెలకు 58,000 రూపాయలు, దానిమీద ఇంటి అద్దె భత్యం వస్తాయి.

వీసా సాధారణంగా జె-1 ఇస్తారు. పరిశోధకులకు దాని గరిష్ఠ పరిమితి ఐదేళ్లు. ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండితీరాలన్న షరతు కొందరికి ఉంటుంది. ఏ దేశాల వారికి ఏ నైపుణ్యాల కారణంగా ఈ షరతు పడుతుందో చెప్పే నైపుణ్యాల జాబితాను 2024 డిసెంబరులో సవరించి, దాని నుంచి భారతదేశాన్ని తొలగించారు కనుక ఆ కారణంగా ఈ షరతు పడదు, కానీ ప్రభుత్వ నిధులతో వెళ్లేవారికి ఇప్పటికీ పడుతుంది. జె-1 కోసం విశ్వవిద్యాలయం పంపే డీఎస్-2019 అనే పత్రంలో ఏం రాశారో చదివించి చూడండి. హెచ్-1బి ఇస్తామంటే, విదేశాల్లో ఉన్నవారి కొత్త దరఖాస్తులకు 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము సంగతి ముందే తేల్చుకోవాలి.

మందుల కంపెనీ ఆలోచనను నేను తోసిపుచ్చను. కొత్త మందు గుండెలోని హెర్గ్ అనే పొటాషియం చానెల్‌ను (కణం పొరలో పొటాషియం దాటే ద్వారాన్ని) అడ్డుకుంటుందేమోనని పరీక్షించడానికి వాడేది కూడా ప్యాచ్ క్లాంపే. కనుక ఈ విద్య విశ్వవిద్యాలయం బయట కూడా చెల్లుతుంది. అయితే కంపెనీలో చేరి రెండు మూడేళ్ల తరువాత తిరిగి పోస్ట్‌డాక్‌కు రావడం కష్టం, పోస్ట్‌డాక్ నుంచి కంపెనీకి వెళ్లడం అంత కష్టం కాదు. అధ్యాపక పదవులు మాత్రం పోస్ట్‌డాక్‌ల సంఖ్యతో పోలిస్తే బాగా తక్కువ. ఈ మాట మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, మీకూ తెలియాలి.

అందువల్ల నా సలహా: వెళ్లనివ్వండి, కానీ గడువు పెట్టుకొని. మూడో ఏడాది చివర ఒకసారి కూర్చొని, సొంత ప్రశ్న, ఒక మంచి పత్రం చేతిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఉంటే, పోస్ట్‌డాక్ నుంచి సొంత ప్రయోగశాలకు మారేవారికి ఎన్‌ఐహెచ్ ఇచ్చే, విదేశీయులూ అర్హులైన కె99 గ్రాంటుకు దరఖాస్తు చేయవచ్చు; దానికి పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు. స్వదేశానికి రావాలనుకుంటే, విదేశాల నుంచి తిరిగివచ్చే శాస్త్రజ్ఞులకు మన ప్రభుత్వం ఇచ్చే రామలింగస్వామి పునఃప్రవేశ ఫెలోషిప్ ఉంది. అన్నట్టు, వైద్య శాస్త్రజ్ఞుడైన ఆ రామలింగస్వామి గారు పుట్టింది మన శ్రీకాకుళంలోనే. ఐదో ఏడు దాటి కూడా అదే బల్ల ముందు మరో ఏడాది పొడిగింపు కోసం ఎదురుచూడడం మాత్రం వద్దు.

పెళ్లి మీ ఇంటి విషయం, అందులో నేను తలదూర్చను. ఒక్క సమాచారం మాత్రం ఇస్తాను: జె-1 మీద ఉన్నవారి భర్తకు జె-2 వీసా వస్తుంది, అక్కడికి చేరాక అతను పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. సంబంధాల వాళ్లు తప్పక అడిగే ప్రశ్న కనుక ముందే తెలిసి ఉండడం మంచిది.