రేకు వెనక్కి లేస్తుందిరా అబ్బాయ్

చిరంజీవి మేనల్లుడికి, పాలకొల్లు నుంచి మావయ్య దీవెనలు.

నువ్వు ఫోన్లో పంపిన బొమ్మలు చూశాను. టిఫిన్ బండి సోకు బాగానే ఉంది. మూలలన్నీ గుండ్రం, ముందు ముక్కు పనసకాయలా ఉబ్బి, పార్టీ మోజు పడ్డాడంటే పడడా మరి! కానీ చివర్న నువ్వు పెట్టిన ముక్క చదివితే నవ్వొచ్చింది. "3 మి.మీ. అల్యూమినియం షీటే కదా మావయ్యా, రోలింగు మిషనుకిస్తే ఒక పూటలో తిప్పేస్తాడు" అన్నావు. తిప్పేస్తాడు. తెచ్చి బండి మీద పెట్టాక నీ కళ్ళు కూడా తిరుగుతాయి.

షీటు జోలికి పోకముందు ఒక పని చెయ్. అదే షీటులోంచి జానెడు వెడల్పు, మీటరు పొడుగు బద్ద ఒకటి కోయించు. షెడ్డు వెనక 200 లీటర్ల ఆయిలు డ్రమ్ము పడుంది కదా, దాని వ్యాసార్థం 29 సెంటీమీటర్లు ఉంటుంది. నీ మూలల వంపు 300 మి.మీ. అన్నావు, అంటే ఇంచుమించు డ్రమ్మంతే. బద్దని డ్రమ్ముకి ఆనించి, చెరో కొసా ఇద్దరు పట్టుకుని గట్టిగా అదమండి. అతికినట్టు కూర్చుంటుంది. ఇప్పుడు వదిలెయ్. 5052 హెచ్32 అనే అల్యూమినియం రకమైతే విప్పారిపోయి, దగ్గర దగ్గర మీటరు వ్యాసార్థం ఉన్న వంపుగా మిగులుతుంది. అర మీటరు వ్యాసార్థానికి అదిమితే అసలు వంచినట్టే ఉండదు, చాపలా పరుచుకుంటుంది. ఆత్రేయపురంలో కుండ బోర్లించి పూతరేకు తీస్తే కుండ ఒంపు రేకుకి వచ్చేస్తుంది చూడు, మన రేకుకి అంత విధేయత లేదు.

అల్యూమినియానికి బిగువు ఇనుములో మూడో వంతే. అందుకని వంచిన దాంట్లో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. వంపు వ్యాసార్థం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ ఇచ్చేస్తుంది. నీకు నికరంగా 300 మి.మీ. వ్యాసార్థం మిగలాలంటే 165 మి.మీ. దరిదాపుల దాకా ముడిచి వదలాలి. ఇది లెక్క మీద చెప్పిన మాట, నీ షీటు లాట్ ఎలాంటిదో బద్దే చెప్పాలి. ఇంకో తమాషా ఏమిటంటే, మందం పెరిగితే మొండితనం పెరుగుతుంది గానీ వెనక్కి లేవడం తగ్గుతుంది. అదే డ్రమ్ముకి 4 మి.మీ. బద్ద కట్టి వదిలితే 670 మి.మీ. వ్యాసార్థం దగ్గరే ఆగుతుంది. కుర్రాళ్ళు దీన్ని తలకిందులుగా అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

రోలింగుకి వెళ్తే నువ్వు కూడా పక్కన నిలబడు, కొట్టువాడి మీద వదిలెయ్యకు. ఒకేసారి పై రోలరు దించనివ్వద్దు. కొంచెం దించు, అటూ ఇటూ నడుపు, ఫర్మా (వంపు సరిచూసే చెక్క అచ్చు) పెట్టి చూడు, మళ్ళీ కొంచెం దించు. ఐదారు సార్లు పట్టినా సరే. వంపు తక్కువైతే మళ్ళీ వేసుకోవచ్చు. ఎక్కువైన వంపుని విప్పాలంటే మాత్రం ఎక్కడో ఒక చోట గాటు పడి తీరుతుంది. పైగా షీటు ఫ్రేము కంటే కాస్త విప్పారి ఉంటేనే నీకు మంచిది. మధ్య ఆనుతుంది, అంచులు లాగి రివెట్టు వేస్తే బిర్రుగా కూర్చుంటుంది. ముడుచుకున్న షీటు అంచుల్లో ఆని మధ్యలో తేలుతుంది, బండి కదిలినప్పుడల్లా డప్పులా మోగుతుంది.

షీటు వేసేముందు రోలర్లని కిరసనాయిలు గుడ్డతో తుడిపించు. అంతకుముందు నల్ల ఇనుము తిప్పి ఉంటారు, ఆ పొట్టు మన షీటులోకి దిగబడిపోతుంది. షీటు మీద ప్లాస్టిక్కు పొర ఉంటే పీకెయ్యకు. షీటు మూలమట్టానికి వెళ్ళకపోతే వంపు మెలికపడి గరాటులా తయారవుతుంది, అందుకని మార్కరుతో అడ్డగీత కొట్టుకుని రోలరుకి సమంగా పట్టు. సూదితో గీయకు, ఆ గీత దగ్గరే రేపు చీలిక మొదలవుతుంది. 8 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు షీటంటే 3 మి.మీ.లో 24 కిలోలుంటుంది, ఒక్కడివే పట్టి వంకర చెయ్యకు. పొడుగైతే పై రోలరు మధ్యలో కొంచెం పైకి వంగుతుంది, దాంతో నడిమి భాగం తక్కువ తిరుగుతుంది. ఫర్మా రెండు కొసలా పెట్టి, మధ్యలో కూడా పెట్టి చూడు. ఇక మూడు రోలర్ల మిషనులో మొదట్లో, చివర్లో కొంత మేర చదునుగా ఉండిపోతుంది. పక్కకి చెరో 100 మి.మీ. ఎక్కువ పెట్టి తర్వాత కోసెయ్. షీటు కొలత కూడా లోపలి వ్యాసార్థంతో కాకుండా మందం మధ్య గీతతో వెయ్యి. లోపలి వ్యాసార్థం 300కి, మందం 3 మి.మీ.కి నాలుగో వంతు చుట్టు 473.6 మి.మీ. వస్తుంది.

రోలింగు దొరక్కపోతే బెండింగు మిషను మీద చిన్న చిన్న దెబ్బలతో కూడా చెయ్యొచ్చు. 12 మి.మీ. ఎడంతో కొడితే ఒక్కో చదును పలక మధ్యలో అసలు వంపుకి తేడా 0.06 మి.మీ. మాత్రమే, రంగు పడ్డాక ఎవడికీ కనపడదు. బద్ధకించి 25 పెట్టావా, తేడా పావు మి.మీ. దాటుతుంది, నిగనిగలాడే రంగులో మెట్లు మెట్లుగా తెలుస్తుంది. నలభై దెబ్బలకి విసుగు పుడుతుంది. విసుగు పుట్టినప్పుడు టీ తాగు, ఎడం మాత్రం పెంచకు.

వంపు గీత నువ్వు వేసిన తీరు నాకు నచ్చలేదు. తిన్నని గీత ఆగిన చోటే ముళ్ళ కంపాసు గుండ్రం మొదలైపోయింది. కన్ను అక్కడే తట్టుకుంటుంది. పడవలు కట్టేవాళ్ళు వెదురు బద్దనో పల్చటి చెక్క బద్దనో మేకుల మధ్య వంచి గీత గీస్తారు, అది తనంతట తాను మెల్లగా తిరుగుతుంది. తాళ్ళరేవు వెళ్ళి ఒక రోజు చూసి రా, నేను చెప్పే దానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఫర్మాలు 12 మి.మీ. ప్లైవుడ్డు మీద ఆ గీతతో కోసుకో.

ముక్కు సంగతికొద్దాం. అక్కడ వంపు రెండు వైపులా తిరుగుతుంది. ఏ రోలరూ దాన్ని చెయ్యలేదు. నమ్మకపోతే కొబ్బరికాయకి కాగితం చుట్టి చూడు, ఎక్కడో ఒక చోట మడత పడాల్సిందే. మడత పోవాలంటే లోహం సాగాలి. అది నాలుగైదు ముక్కలుగా చేసి ఆర్గాన్ వెల్డింగుతో కలుపు, ఒకే షీటులో దించాలని పంతం పట్టకు. ఇసక నింపిన తోలు సంచి మీద కొయ్య సుత్తితో, మధ్య నుంచి అంచుకి చుట్లు చుట్లుగా కొట్టాలి. కొట్టే కొద్దీ గట్టిపడుతుంది. అజ్జరంలో ఇత్తడి కొట్టేవాళ్ళు మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుచుకోవడం చూసే ఉంటావు. ఇక్కడా అదే. కానీ ఇత్తడిలా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. 5052 రకమైతే 607 డిగ్రీల దగ్గరే కరగడం మొదలై, 650 లోపే చెప్పాపెట్టకుండా జారి కింద పడుతుంది.

అందుకని గ్యాసు వెల్డింగు టార్చిలో ముందు ఆక్సిజన్ ఆపి, ఒట్టి ఎసిటిలీన్ పొగ మంటతో ముక్క మీద మసి పట్టించు. తర్వాత ఆక్సిజన్ ఇచ్చి మామూలు మంటతో, ఒక చోట ఆగకుండా ఊపుతూ కాల్చు. నల్లగా ఉన్న మసి దానంతటదే ఎగిరిపోయి కింద తెల్ల లోహం కనపడగానే చెయ్యి తీసెయ్. చల్లారాక రేకు చేతిలో సీసంలా మాట వింటుంది. ఈ కాల్చడం ముక్కుకే. తలుపుల పలకల మీద మంట పెట్టకు, ఉబ్బెక్కి కూర్చుంటాయి, పైగా మెత్తబడి వేలు తగిలినా సొట్ట పడతాయి.

రకం అడక్కుండా షీటు కొనకు. ఇరవై ఏళ్ళ కిందట ఒక రొయ్యల చెరువుల ఆసామి బండికి చవగ్గా వచ్చాయని 4 మి.మీ. తుక్కు షీట్లు మూడు తెచ్చాను. "అన్నీ ఒకటేనండి" అన్నాడు అమ్మినవాడు, నేనూ తల ఊపాను. అంచు మడతకి బెండింగు మిషను పదునైన పంచ్ (పై అచ్చు) కింద పెట్టేసరికి టిక్కుమని చిన్న శబ్దం. తీసి చూస్తే మడత పొడుగునా, ఎండిన చేలో నెర్రెలా సన్నటి చీలిక. నా మొండితనం ఏమిటంటే రెండోది కూడా అలాగే పెట్టాను. అది 6061 టీ6, గట్టి రకం. పెద్ద వంపులకి ఒప్పుకుంటుంది గానీ దగ్గర మడతకి విరుగుతుంది. 5052 కూడా దగ్గర మడత వేసేటప్పుడు షీటు మీద సన్నగా కనపడే మిల్లు గీతలకి అడ్డంగా మడువు, గీతల వెంట కాదు.

పని అయ్యాక షీటు మీద కిరసనాయిలు గుడ్డ రాసి, ట్యూబులైటు నీడ అందులో చూడు. ఆ తెల్ల గీత విరగకుండా జారుకుంటూ పోవాలి. ఎక్కడ తడబడితే అక్కడ పలక ఉన్నట్టు. తర్వాత నూలు గుడ్డ వేసి దాని మీద అరచేత్తో కళ్ళు మూసుకుని తడుము, కంటికి దొరకనిది చేతికి దొరుకుతుంది.

ఫ్రేము ఇనుమే అన్నావు. బండి అంతర్వేది తీర్థానికి కూడా పోతుందన్నావు. ఆ ఉప్పు గాలికి ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తగిలితే రివెట్ల చుట్టూ తెల్ల బూడిద పుడుతుంది. ఫ్రేముకి ప్రైమరు కొట్టి, మధ్యలో రబ్బరు టేపు వెయ్యి. రివెట్లు అల్యూమినియానివే వాడు.

డ్రమ్ము బద్ద వదిలాక ఎంత దగ్గర ఆగిందో కొలిచి ఫోను చెయ్, నీ షీటు లెక్క దాని మీద వేద్దాం. ఆదివారం అత్తతో రావులపాలెం వస్తున్నాను. నా కొయ్య సుత్తులు రెండూ, ఇసక సంచీ తెస్తాను. సుత్తులు మాత్రం నీకు వదిలి రాను.

ఉంటాను,
మీ మావయ్య