తాలు కాయ సంగతి మెషిన్‌కి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. ఇంజనీరింగ్‌లో ఏఐ (కృత్రిమ మేధ) బ్రాంచే కావాలని పట్టుబడుతోంది. అదేమిటో నాకు అర్థం కావడం లేదు. మేనేజ్‌మెంట్ కోటాలోనైనా చేర్పించమంటారా?

జవాబు: మీ కొట్లో కొత్తగా చేరిన గుమాస్తాకి తాలు కాయ, అంటే రంగు పోయిన నాసి మిర్చి, ఎలా ఉంటుందో మీరు రూల్సు రాసివ్వలేదు కదండీ. టిక్కీ (మిర్చి బస్తా) విప్పినప్పుడల్లా పక్కన నిలబెట్టుకుని, ఇది తాలు, ఇది మంచిది అని చూపించి ఉంటారు. పొరబడితే దిద్ది ఉంటారు. ఒక సీజన్ తిరిగేసరికి చూపుతోనే చెప్పేస్తాడు.

మామూలు ప్రోగ్రాం అంటే రూల్సు రాసివ్వడం. ఇప్పటి ఏఐ ఎక్కువగా మీ గుమాస్తా పద్ధతిలో నేర్చుకుంటుంది. వేలకొద్దీ కాయల ఫొటోలకు తాలు, మంచిది అని పేర్లు పెట్టి ఇస్తారు. కంప్యూటర్‌కి ఫొటో అంటే అంకెలే. ముందు ఏదో ఒకటి ఊహిస్తుంది, తప్పయితే లోపలి లెక్కల్ని కాస్త సవరించుకుంటుంది, మళ్లీ ఊహిస్తుంది. అయితే తేజ రకం మిర్చి ఫొటోలు మాత్రమే చూసిన మెషిన్ ముందు ముడతలుండే బ్యాడిగి రకం కాయ పెట్టామనుకోండి, పాడైన కాయ అనేయొచ్చు. తప్పు దానిది కాదు, చూపించినవాళ్లది. చాట్‌జీపీటీకి కాయల బదులు మాటలు చూపించారు. ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి చెబుతుంది కాబట్టే ఒక్కోసారి లేనిది కూడా ధీమాగా చెప్పేస్తుంది.

ఏఐ అన్న పేరు కొత్తదేం కాదు, 1955లో అమెరికాలో జాన్ మెకార్తీ, మరో ముగ్గురు రాసిన ప్రతిపాదనలోనే ఉంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాకే మన ఇళ్లలో ఈ హడావుడి!

ఇక సీటు సంగతి. బ్రాంచి పేరులో ఏఐ ఉందని అప్పుచేసి మేనేజ్‌మెంట్ సీటు కొనొద్దు. కన్వీనర్ కోటాలో మంచి కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చినా చాలు. మెషిన్ లోపల సవరించుకుంటుందన్న ఆ లెక్కంతా మాత్రికలు, అవకలనం, సంభావ్యతే. అమ్మాయికి అవి ఇష్టమా, బట్టీ పట్టి గట్టెక్కిందా అన్నది నాకు బ్రాంచి కన్నా ముఖ్యం. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

అంతకన్నా ముందు ఓ పని చేయించండి. యార్డుకి వేసవి సెలవులైనా శాంపిల్ కాయలు ఇంట్లో ఉంటాయిగా. తాలువి వంద, మంచివి వంద ఫొటోలు తీయమనండి. గూగుల్ వాళ్ల టీచబుల్ మెషిన్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో పెడితే కోడింగ్ రాకపోయినా మెషిన్‌కి నేర్పొచ్చు. అది తప్పు చెప్పినప్పుడు మీ అమ్మాయి ఎందుకని తవ్వుతుందో, టెన్షన్ పడి మూసేస్తుందో చూసి నాకు మళ్లీ రాయండి.