లారీ దిగడం కూడా డ్యూటీయే

ప్రశ్న: మా తమ్ముడు బంగారుపాళెంలో ఒక లారీ యజమాని దగ్గర డ్రైవరు. పది రోజుల క్రితం తోతాపురి కాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు రాత్రంతా క్యూలో ఉండి, తెల్లవారుజామున చీటీ రాయించుకోవడానికి క్యాబిన్ నుంచి కిందికి దూకాడు. కుడి మడమ ఎముక విరిగింది. "బండి నడుపుతూ పడలేదు కదా, నువ్వు దూకితే నాకేం సంబంధం?" అంటున్నారు యజమాని. పరిహారం రాదా? (ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా)

జవాబు: తప్పకుండా అడగవచ్చు. చీటీ రాయించుకోవడం, పట్టా బిగించడం, టైర్లు చూసుకోవడం కోసం దిగినప్పుడు తగిలిన దెబ్బ కూడా పని మూలంగా, పని వేళలో తగిలినదే. 1923 నాటి పరిహార చట్టమైనా, ఇప్పుడు దాని స్థానంలో అమల్లో ఉన్న 2020 సామాజిక భద్రతా కోడ్ అయినా చూసేది దీన్నే. తొందరపడ్డాడన్న కారణంతో పరిహారం పోదు. మద్యం మత్తులో ఉండడం, భద్రతా నియమాన్ని కావాలని ఉల్లంఘించడం వంటివి రుజువైతే తప్ప యజమాని తప్పించుకోలేరు. పని చేయలేని కాలానికి, చట్టం గుర్తించే వేతన పరిమితికి లోబడి, నెల జీతంలో 25 శాతం చొప్పున పక్షానికోసారి చెల్లించాలి. వైద్య ఖర్చులు వేరు. యజమానికి వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి, నకలు మీద సంతకం తీసుకోండి. తూకం చీటీ, ఎక్స్‌రే, ఆ రాత్రి క్యూలో ఉన్న ఇతర డ్రైవర్ల సాక్ష్యం భద్రపరచండి. ఆయన ఒప్పుకోకపోతే రెండేళ్ళలోపు కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. లారీ బీమా పాలసీలో డ్రైవరు కోసం ప్రీమియం కట్టారేమో కూడా చూడండి.

ఇక దూకడం గురించి. గంటల తరబడి కూర్చుని కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, కాళ్ళకు హవాయి చెప్పులు, కింద నలిగిన మామిడికాయల రసం. ఆ నేల మీద పాదం ఎలా నిలుస్తుంది? ఎత్తైన క్యాబిన్ నుంచి దూకితే పాదాల మీద శరీర బరువుకు 12 రెట్ల వరకు భారం పడుతుందని, మెట్లు, పిడులు పట్టుకుని దిగితే అది రెండు రెట్లు కూడా దాటదని కొలిచి చూసిన పరిశోధన ఉంది. అందుకే నిచ్చెన దిగినట్టు ముఖం లారీ వైపు ఉంచి, రెండు చేతులు, ఒక కాలు గానీ, రెండు కాళ్ళు, ఒక చెయ్యి గానీ ఎప్పుడూ బండిని వదలకుండా దిగాలి. ఫోను, చీటీలు జేబులో ఉండాలి, చేతిలో కాదు. అరిగిన మెట్టునూ, ఊగుతున్న పిడినీ బాగు చేయించే పూచీ మాత్రం యజమానిదే.

ఒక్క విషయం ఆలస్యం చేయకండి. ఎత్తు నుంచి పడి మడమ విరిగినవారిలో కొందరికి నడుము దగ్గర వెన్నుపూస కూడా దెబ్బతింటుంది. కాలి నొప్పిలో అది తెలియకపోవచ్చు. తమ్ముడికి నడుము నొప్పిగా ఉంటే, తిరుపతి బర్డ్ ఆసుపత్రిలోనో, దగ్గరలోని ఎముకల వైద్యుని వద్దనో వెన్నుకు కూడా ఎక్స్‌రే తీయించండి.