రాత్రి కంప్యూటర్ ఆపేసి పడుకో తల్లీ

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

హనుమకొండలో అందరూ క్షేమమని తలుస్తాను. కొత్త కంప్యూటర్ గురించి మీ ఇంట్లో జరుగుతున్న వాదన అక్క చెప్పింది. మాటిమాటికీ ఆపి, మళ్లీ వేస్తుంటే త్వరగా పాడవుతుందని అల్లుడుగారు, వాడనప్పుడు గోడ స్విచ్చితో సహా ఆపాల్సిందేనని మీ అత్తగారు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. ఇన్నేళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నవాణ్ని కాబట్టి సూటిగా చెప్పేస్తాను. రాత్రి పడుకునే ముందు షట్‌డౌన్ చెయ్యి. పగలు వంటకో, పిల్లాణ్ని బడి నుంచి తేవడానికో లేచినప్పుడు తెరిచిన పని అలాగే ఉంచి నిద్రపుచ్చే స్లీప్‌లో పెట్టు, చాలు. కానీ మీ ఇంట్లో అంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. దాని గురించి కింద రాశాను, తప్పకుండా చదువు.

అల్లుడుగారి మాట ఉత్తదేమీ కాదు. పాత హార్డ్ డిస్కులకు మోటారు తిరగడం మొదలయ్యే క్షణమే గండం. రాత్రి బాగానే ఆపి, పొద్దున వేస్తే లేవలేదంటూ పట్టుకొచ్చేవాళ్లు. మీరు కొన్నదాంట్లో హార్డ్ డిస్కు బదులు చిప్పుల్లో దాచుకునే ఎస్‌ఎస్‌డీ ఉంది, అందులో తిరిగే భాగమే లేదు. తిరిగే డిస్కయినా ఇప్పుడు పదుల వేల సార్లు ఆగి లేచేలా తయారు చేస్తున్నారు. రోజుకు రెండుసార్లు చొప్పున పదేళ్లు ఆపి, మళ్లీ వేసినా అయ్యేది 7,300 సార్లే. ఆ భయం ఇక వద్దు.

భయపడాల్సింది వేడికి. మదర్‌బోర్డు మీదా, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్‌లోనూ చిన్న చిన్న గొట్టాల్లా కెపాసిటర్లు నిలబడి ఉంటాయి. వేడికి లోపలి ద్రవం మెల్లగా ఆరిపోయి, కొన్నాళ్లకు పైమూత ఉబ్బుతుంది. ఇక అక్కణ్నుంచి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవడం, తనంతట తానే రీస్టార్ట్ కావడం మొదలవుతుంది. పది డిగ్రీల వేడి తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని మా పనిలో ఒక లెక్క ఉంది. మే నెలలో వరంగల్ ఎండలకు, తలుపులేసిన గదిలో రాత్రంతా ఊరికే నడపడం ఎందుకు? పైగా ఫ్యాన్ తిరిగినంతసేపూ దుమ్ము లోపలికి లాగుతూనే ఉంటుంది.

ఖర్చు సంగతి కూడా చూడు. ఏ పనీ చెయ్యకుండా ఉన్నా డెస్క్‌టాప్ సుమారు 60 వాట్లు తాగుతుంది. రాత్రి పది గంటలకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. స్లీప్‌లో అయితే రెండు మూడు వాట్లే. గృహజ్యోతి కింద మీకు సున్నా బిల్లు వస్తోందని అక్క అంది. నెలలో 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి కదా, కూలర్ తిరిగే నెలల్లో ఆ 18 యూనిట్లే దాటించెయ్యగలవు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు. షట్‌డౌన్ నొక్కితే సిస్టమ్ పూర్తిగా ఆగదు. లోపలి భాగాన్ని డిస్కులో దాచుకుని, మర్నాడు అక్కణ్నుంచే లేస్తుంది. నమ్మకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద అప్ టైమ్ చూడు. రోజూ ఆపుతున్నా అక్కడ రోజుల లెక్క పెరుగుతూ కనిపిస్తుంది. అందుకని వారానికోసారి షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చెయ్యి. పూర్తిగా ఆపి, మళ్లీ వెయ్యడమంటే అదే. ప్రింటర్ పలక్కపోవడం, వైఫై దొరక్కపోవడం లాంటి చిల్లర తంటాలు సగం దాంతోనే పోతాయి.

అప్‌డేట్లు కూడా రీస్టార్ట్ అయితేనే పూర్తవుతాయి. అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ అని కనబడితే అదే నొక్కు, తిరుగుతున్నంతసేపూ స్విచ్చి జోలికి వెళ్లకు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసేసినప్పుడు ఆంధ్రాలో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చెప్పుల్లేకుండా సీపీయూ వెనక స్క్రూ తాకితే జిల్లుమంటోందని మాటల మధ్య అన్నావట. అది విన్న దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ డబ్బాకు చేరుతుంటుంది. ఎర్తింగ్ బాగుంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే నువ్వు ముట్టుకున్నప్పుడు నీ వేలి గుండా పోతుంది. జిల్లుమనేది కొంచెం కరెంటే. కానీ ఎర్త్ లేని ఇంట్లో రేపు గీజరో వాషింగ్ మెషినో లీకయితే అది కొంచెంతో పోదు. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదమ్మా. చాలా ఇళ్లలో ఆ పైరంధ్రం వెనక వైరే ఉండదు. ఈ వారంలోనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపించాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మీటరుతో సరిపెట్టకుండా టెస్ట్ ల్యాంపు కూడా పెట్టి చూడమను. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే బొగ్గు, ఉప్పు మార్చి నీళ్లు పోయించండి. వోల్టేజీ ఉన్నట్టుండి ఎగిరితే కాపాడే స్పైక్ బస్టర్ కొన్నా, ఎర్త్ లేకపోతే అది చెయ్యాల్సిన పని పూర్తిగా చెయ్యలేదు.

ఉరుములు మొదలైతే మాత్రం షట్‌డౌన్ కూడా చాలదు. పిడుగు దగ్గర్లో పడినప్పుడు స్విచ్చి ఆపి ఉన్నా కరెంటు దాన్ని దూకి వచ్చేస్తుంది. దూరంగా ఉరిమినప్పుడే ప్లగ్గు లాగెయ్యి, నెత్తిమీదకొచ్చాక వైర్లు ముట్టుకోకు. ఫైబర్ తీగలో కరెంటు పారదు గానీ రౌటర్ అడాప్టర్ గోడలోనే ఉంటుంది, అక్కణ్నుంచి వచ్చే లాన్ వైరునూ పీకాలి.

కరెంటు పోయి వచ్చాక ఓ పది నిమిషాలు ఆగి వెయ్యి. వచ్చిన కొత్తలో వోల్టేజీ ఊగిసలాడుతుంది. యూపీఎస్ ఉంది కదా అని పని సాగించకు, అది ఫైల్ సేవ్ చేసుకుని ఆపుకోవడానికి. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లకు చచ్చిపోతుంది.

అత్తగారు గోడ స్విచ్చి ఆపితే ఆపనీ, మంచిదే. తెర నల్లబడి, ఫ్యాన్ చప్పుడు ఆగాకే ఆపమని చెప్పు. అలా రోజూ ఆపితే తేదీ, టైము గుర్తుంచే లోపలి బిళ్ల బ్యాటరీ కాస్త ముందుగా అయిపోతుంది. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి, బ్యాంకు సైట్లు తెరుచుకోవడం మానేస్తే దాని పనేనని గుర్తుపట్టు. సీఆర్ 2032 అని అడిగితే ఏ కొట్లోనైనా తక్కువలోనే దొరుకుతుంది.

పెద్ద ఫైలు దిగుతున్నప్పుడో బ్యాకప్ జరుగుతున్నప్పుడో ఒక రాత్రి నడిస్తే ఏం కాదు, మానిటర్ ఒక్కటి ఆపు. పండక్కి మా కాకినాడ వచ్చి వారం ఉంటే ప్లగ్గు తీసే బయల్దేరండి.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాక రీడింగ్ ఎంతుందో నాకు ఫోన్ చేసి చెప్పు. అంతవరకు చెప్పులు వేసుకోకుండా ఆ డబ్బాను ఎవరూ ముట్టుకోవద్దు, ముఖ్యంగా పిల్లాడు. మీ అత్తగారికి నా నమస్కారాలు, అల్లుడుగారికి ఆశీస్సులు.

ఇట్లు,
మామయ్య