ఆల్ఫా 6, బీటా 0.88... ఫండ్ మార్చేయమంటారా?

ప్రశ్న: తెనాలి దగ్గర జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 44. ఆరేళ్లుగా ఒక ఫ్లెక్సీక్యాప్ ఫండ్‌లో (చిన్నా పెద్దా కంపెనీలన్నింట్లో పెట్టేది) నెలకు 10 వేలు సిప్ కడుతున్నాను. ఇప్పుడు దాని విలువ 10.8 లక్షలు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ డబ్బు తన బీటెక్ కోసమే. మా బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ ‘మీ ఫండ్ ఇండెక్స్ కంటే వెనకబడింది, మొత్తం తీసేసి ఈ మిడ్‌క్యాప్ ఫండ్‌లో వేయండి, ఆల్ఫా 6, బీటా 0.88, అంటే రాబడి ఎక్కువ, రిస్క్ తక్కువ’ అంటున్నారు. ఆయన ఇచ్చిన కాగితం ఫొటో పంపుతున్నాను. మారమంటారా?

జవాబు: మారొద్దు మాస్టారూ. ఎందుకో ఆ కాగితమే చెబుతోంది.

ఫొటోను పెద్దది చేసి చూశాను. బీటా పక్కన ఒక చుక్క, ఆల్ఫా పక్కన రెండు చుక్కలు ఉన్నాయి. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వాటి వివరం. బీటాను మధ్యస్థాయి కంపెనీల సూచీ నిఫ్టీ మిడ్‌క్యాప్ 150తో కొలిచారు, ఆల్ఫాను మాత్రం పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50తో. ఒకే వరుసలో రెండు అంకెలు, రెండు వేర్వేరు కొలబద్దలు. పిల్లాడి ఎత్తు అడుగుల్లో, తలుపు ఎత్తు మీటర్లలో రాసుకుని పోల్చినట్టుంది.

ముందు బీటా సంగతి. గతుకుల రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఎక్కామనుకోండి. గతుకు అందరికీ ఒకటే, కానీ చివరి సీట్లో కూర్చున్నవాడు ఎక్కువ ఎగురుతాడు, మధ్య సీటువాడు తక్కువ. రోడ్డు మార్కెట్ అయితే, మీ సీటు బీటా. 1 అయితే సూచీతో సమానంగా ఊగుతుంది. 1.2 అయితే సూచీ 10 శాతం కదిలినప్పుడు ఫండ్ సుమారు 12 శాతం కదులుతుంది, పైకైనా కిందికైనా. మేనేజర్ గారు చూపించిన 0.88 అర్థం ఏమిటంటే, ఆ ఫండ్ మిగతా మిడ్‌క్యాప్‌ల కంటే కాస్త నెమ్మదిగా ఊగుతుందని. అంతే. మీ ఫ్లెక్సీక్యాప్ కంటే రిస్క్ తక్కువని కాదు. అది వేరే బస్సు, వేరే రోడ్డు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క ప్రకారం మార్కెట్ విలువలో 101 నుంచి 250వ స్థానం దాకా ఉన్న కంపెనీల్లో కనీసం 65 శాతం పెట్టాల్సిన ఫండ్ అది.

పోనీ, 0.88 నిజంగా నిఫ్టీతో కొలిచిందే అనుకుందాం. 2020 జనవరి మధ్యలో నిఫ్టీ 12,362 దగ్గర ఉంది. మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. రెండు నెలల్లో 38 శాతం పోయింది. దాన్ని 0.88తో గుణిస్తే సుమారు 34 శాతం. మీ 10.8 లక్షల మీద 3.6 లక్షల పైన. మీరు కట్టింది 7.2 లక్షలు కదా, ఆరేళ్ల లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టే. దీన్ని రిస్క్ తక్కువ అనడానికి నాకైతే నోరు రాదు.

ఇక ఆల్ఫా, అంటే ఫండ్ మేనేజర్ పనితనం వల్ల అదనంగా వచ్చిన రాబడి. ఆ కాగితంలో 6 ఎలా వచ్చిందో చూడండి. మూడేళ్లలో ఫండ్ ఏటా 19 శాతం ఇచ్చింది, నిఫ్టీ 50 ఏటా 13 శాతం. తీసివేశారు, 6 వచ్చింది. అది తీసివేత, ఆల్ఫా కాదు. కాలువ కింద మాగాణి దిగుబడిని మెట్ట చేను దిగుబడితో పోల్చి రైతు గొప్పోడు అన్నట్టుంది. నీళ్ల గొప్పెంత, రైతు గొప్పెంత అన్నది తేలాలంటే పక్కనున్న మాగాణితోనే పోల్చాలి.

మైకేల్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 1968లో ఈ కొలత తయారుచేసింది అందుకే. రిస్క్ లేకుండా వచ్చే రాబడి ఎంత, ఫండ్ తీసుకున్న బీటాకు మార్కెట్ నుంచి మామూలుగా రావాల్సింది ఎంత అని లెక్కగట్టి, దానిమీద మిగిలిందే ఫండ్ మేనేజర్ పనితనం అన్నాడు. ఆయన 1945 నుంచి 1964 వరకు 115 అమెరికా ఫండ్లకు ఈ లెక్క వేస్తే, సగటున వాళ్లు మార్కెట్‌ను దాటలేకపోయారని తేలింది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి చాక్‌పీస్ తీసుకోండి.

రిస్క్ లేని రాబడి 6.5 శాతం అనుకుందాం. అదే మూడేళ్లలో మిడ్‌క్యాప్ 150 సూచీ 20 శాతం ఇచ్చిందనుకోండి. రెంటికీ తేడా 13.5. దాన్ని 0.88తో గుణిస్తే 11.88. దానికి 6.5 కలిపితే 18.38. ఫండ్ ఇచ్చింది 19. అంటే ఆల్ఫా 0.62. ఆరు కాదు, ఆరో వంతు కూడా లేదు!

ఇప్పుడు వెనకబడిందన్న మీ ఫండ్. అది 14.8 ఇచ్చింది, 500 కంపెనీల నిఫ్టీ 500 సూచీ 15 ఇచ్చింది అనుకుందాం. మేనేజర్ గారన్నట్టు 0.2 తక్కువే. కానీ మీ ఫండ్ బీటా 0.9 అయితే రావాల్సింది 6.5 మీద 8.5లో పదింట తొమ్మిది వంతులు, అంటే 7.65 కలిపి 14.15. మీకు వచ్చింది 14.8. ఆల్ఫా 0.65. అమ్మమంటున్న ఫండ్, కొనమంటున్న ఫండ్ ఈ కొలతలో కవలలు. రాబడిలో కనబడే తేడా మిడ్‌క్యాప్‌లకు కాలం కలిసిరావడం వల్ల వచ్చింది, ఫండ్ మేనేజర్ చెయ్యి తిరిగినందువల్ల కాదు.

సూచీ రాబడి చూసేటప్పుడు డివిడెండ్లు కలిపిన టీఆర్‌ఐ అంకె తీసుకోండి. 2018 ఫిబ్రవరి నుంచి ఫండ్లు దాంతోనే పోల్చుకోవాలని సెబీ నిబంధన. డివిడెండ్ లేని సూచీతో పోలిస్తే ప్రతి ఫండూ సుమారు ఒక శాతం పొడుగ్గా కనిపిస్తుంది.

ఇంకో చిక్కుంది. ఫ్యాక్ట్‌షీట్‌లో (ఫండ్ ఇచ్చే వివరాల పత్రం) బీటా సాధారణంగా మూడేళ్ల నెలవారీ రాబడుల నుంచి తీసేది. అంటే 36 అంకెలు. మీ క్లాసులో 36 మంది మార్కులు చూసి జిల్లా ఫలితం చెప్పడం లాంటిది. పైగా ఫండ్ ఆ సూచీతో పాటు నడవకపోతే బీటాకు విలువే లేదు. ఫార్మా ఫండ్లే తీసుకోండి. నిఫ్టీతో వాటి బీటా చాలాసార్లు తక్కువే కనబడుతుంది. అది చూసి భద్రమనుకుని 2015లో కొన్నవాళ్లు నాలుగైదేళ్లు తల పట్టుకున్నారు. హైదరాబాద్‌లో మందుల కంపెనీల్లో పనిచేస్తూ జీతమూ, పెట్టుబడీ రెండూ అక్కడే పెట్టినవాళ్లను నేను చూశాను. అందుకే బీటా పక్కన ఆర్ స్క్వేర్డ్ అనే అంకె ఉంటే చూడండి, ఫండ్ ఆ సూచీతో ఎంత కలిసి నడుస్తుందో అది చెబుతుంది. 1కి దగ్గరగా ఉంటేనే బీటాను, ఆల్ఫాను నమ్మాలి.

అసలు మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆల్ఫా కాదు, తొమ్మిదో తరగతి. ఇంకో మూడున్నరేళ్లలో ఫీజు కట్టాలి. ఈ దశలో పూర్తిగా మిడ్‌క్యాప్‌లోకి దూకమనడం ఏ ఆల్ఫా చూపించినా న్యాయం కాదు. స్విచ్ అన్నా పన్ను దృష్టిలో అది అమ్మకమే. మీ 3.6 లక్షల లాభంలో 1.25 లక్షలు పోగా మిగతా దానిమీద 12.5 శాతం, సెస్‌తో కలిపి సుమారు 30 వేలు ఒక్క సంతకంతో పోతాయి. గత పన్నెండు నెలల్లో కట్టిన కిస్తీల లాభం మీద 20 శాతం పడుతుంది, చాలా ఫండ్లలో వాటికి ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోసే రుసుము) కూడా ఉంటుంది. కొత్త ఫండ్ రెగ్యులర్ ప్లాన్, అంటే మధ్యవర్తి ద్వారా కొనేది అయితే బ్యాంకుకు ఏటా కమీషన్. అదేమీ నేరం కాదు, ఆయన ఉద్యోగం అది. మీకు తెలిసుంటే చాలు.

నేనైతే ఇలా చేస్తాను. సిప్ ఆపను. ప్రతి మార్చిలో లాభం 1.25 లక్షలు దాటకుండా చూసుకుని కొన్ని యూనిట్లు అమ్మి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తాను. పాత యూనిట్లే ముందు అమ్ముడవుతాయి, వాటి విలువలో సగం దాకా లాభమే కాబట్టి మొదటిసారి రెండున్నర లక్షలకు అటూ ఇటూగా బయటికి తీయొచ్చు, పన్ను లేకుండా. ఏడాది నిండిన యూనిట్లేనా అని స్టేట్‌మెంట్‌లో ఒకసారి చూసుకోండి. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేసరికి మొదటి రెండేళ్ల ఫీజు బ్యాంకులో ఉండాలి. మిగతాది ఫండ్‌లోనే ఉన్నా ఫర్వాలేదు.