గోల్డ్ సిగ్నల్ ఎవరికి?

ప్రశ్న: గుంటూరులో ఎంబీబీఎస్ అయ్యింది. ఇప్పుడు న్యూజెర్సీలో పిన్ని వాళ్లింట్లో ఉండి ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి (ఇక్కడి పీజీ లాంటి శిక్షణ) అప్లై చేస్తున్నాను. వీసా కావాలి. గోల్డ్ సిగ్నల్స్ ("మీ దగ్గర చేరాలని అన్నిటికంటే ఎక్కువ ఇష్టం" అని అప్లికేషన్‌తో పంపే గుర్తులు) మూడూ పెద్ద యూనివర్సిటీలకే పెట్టమని, ఇంటర్వ్యూలయ్యాక అందరికీ "మీరే నా నంబర్ వన్" అని మెయిల్ కొట్టమని ఫ్రెండ్స్ అంటున్నారు. చేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ వద్దమ్మా.

మీ సబ్జెక్టులో 3 గోల్డ్, వాటి తర్వాతి మెట్టు సిల్వర్ 12 ఇస్తున్నారు కదా. రెసిడెన్సీ నడిపే ఒక్కో ఆసుపత్రి ప్రోగ్రామ్‌కి వేలల్లో అప్లికేషన్లు వచ్చిపడుతుంటే ముందు ఎవరిది తెరవాలో తేల్చుకోవడానికి ఆ సిగ్నల్ వాళ్లకి పనికొస్తుంది, అంతకుమించి మంత్రమేమీ లేదు. వీసా ఇవ్వని చోట గోల్డ్ పెడితే తాళం వేసిన ఇంటి తలుపు కొట్టినట్టే. అందుకే ముందు ఆ ప్రోగ్రామ్ సైట్‌లో ఇప్పుడున్న రెసిడెంట్ల పేజీ తెరిచి, ఫొటోల కింద కాలేజీ పేర్లు ఓపిగ్గా చదువు. ఉస్మానియా, రంగరాయ, మీ గుంటూరు, పోనీ మన దేశంలో ఏదో ఒక కాలేజీ కనిపిస్తోందా? మూడు బ్యాచుల్లోనూ విదేశాల్లో చదివినవాళ్లు ఒక్కరూ లేకపోతే నీతో మొదలుపెడతారని ఆశ పెట్టుకోకు. వీసాల్లో జే1 (శిక్షణకి వచ్చేవాళ్లది) మాత్రమేనా, హెచ్1బీ (ఉద్యోగానికి వచ్చేవాళ్లది) కూడా ఇస్తారా అన్నదీ చూడు, హెచ్1బీకైతే అమెరికా డాక్టర్ లైసెన్స్ పరీక్షల్లో చివరిదైన స్టెప్ 3 ముందే పాసవ్వాలి.

అబ్జర్వర్‌షిప్ (ఆసుపత్రిలో డాక్టర్ల పక్కనుండి పని చూడటం) ఎక్కడైనా చేసుంటే గోల్డ్ ముందు అక్కడికే. పిన్ని ఉండటం కూడా కలిసొచ్చేదే. అప్లికేషన్‌లో ఇష్టమైన ప్రాంతాలు మూడు దాకా ఎంచుకుని, ఎందుకో రాయమంటారు కదా, న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా ఒకే ప్రాంతం కింద వస్తాయి, అక్కడ పిన్ని సంగతి రెండు ముక్కల్లో రాసెయ్.

ఇక మెయిళ్లు. "నంబర్ వన్" మాట ఒక్కరికే, అదీ ఇంటర్వ్యూలయ్యాక నీ ఇష్టాల వరుసలో నువ్విచ్చే లిస్టులో నిజంగా మొదట పెట్టేవాళ్లకే. నాకు తెలిసిన అబ్బాయొకడు ఒకే మెయిల్ ఆరుగురికి పంపాడు, పైన ఆసుపత్రి పేరు మార్చాడుగానీ చివరి పేరాలో పాతది అలాగే ఉండిపోయింది! మిగతావాళ్లకి థాంక్స్ చెప్పి, ఇంటర్వ్యూలో నీకు నచ్చిన మాట ఒకటి గుర్తుచేస్తే చాలు. మెయిల్స్ వద్దన్న చోట అదీ వద్దు.

నువ్వు తమని ఏ నంబర్లో పెడుతున్నావో వాళ్లు అడగకూడదు, అది మ్యాచ్ (మీ లిస్టులూ, వాళ్ల లిస్టులూ కలిపి సీట్లు తేల్చే పద్ధతి) రూలే. వాళ్లు తియ్యగా మెయిల్ రాశారని వరుస మార్చకు. మ్యాచ్ లెక్క నీ లిస్టు పైనుంచే మొదలవుతుంది, కాబట్టి నీకు నిజంగా ఎక్కడ ఇష్టమో అదే మొదట పెట్టు, పైన కష్టమైన పేరు రాసినంత మాత్రాన కింది సీటు చేజారదు.